రెగ్గే తాళంలో మన పల్లె పాట

జానపదానికి గిటారు తగిలిస్తే చాలు, కొత్త సంగీతం పుట్టిందని మురిసిపోతాం. కాని రెండు బాణీలు కలవడమంటే రెండు వాయిద్యాలు పక్కపక్కన కూర్చోవడం కాదు. ఒకటి చెప్పలేనిదాన్ని రెండోది చెప్పాలి. దీనికి మన హైదరాబాదులోనే మంచి ఉదాహరణ ఉంది. అది ‘చౌరస్తా’ బృందంలో ఉండగా రామ్ మిరియాల పాడిన ‘ఊరెళ్ళిపోతా మామా’.

ఈ పాట నడక రెగ్గే. 1960ల చివర జమైకా దీవిలో పుట్టిన ఈ బాణీని బాబ్ మార్లే లోకమంతా వినిపించాడు. దీని కిటుకంతా తాళంలో ఉంది. నాలుగు దెబ్బల్లో గిటారు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద తుంచినట్టు పలుకుతుంది. డ్రమ్ము చాలాసార్లు మొదటి దెబ్బను వదిలేసి మూడోదాని మీద పడుతుంది. అంటే మన చెయ్యి చప్పట్టుకు లేచే చోటే ఖాళీ! ఆ ఖాళీని నింపడానికే వినేవాడి ఒళ్ళు ఊగుతుంది.

ఊరు వదిలినవాడి మనసూ ఇంతే కదా! 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది మొదలు మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లకు ఎన్ని పల్లెల పిల్లలు వచ్చారో! జీతం ఉంది, లిఫ్టు ఉంది. మొదటి దెబ్బ మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది. అందుకే ఎక్కడో దీవి తాళమైనా ఈ పాటలో అతుకులా వినబడదు.

మెచ్చుకోవలసింది ఇంకొకటి. ఒకరు ఊరికి పోతానంటే, ఏ ఊరికి, అక్కడ ఏముందని ఎదురు ప్రశ్న వస్తుంది. ఇది మన పల్లెపదాల సవాలు జవాబు పద్ధతే. ఆ ప్రశ్నే లేకపోతే పాట ఉత్త పగటికల అయ్యేది.

తరువాత 2021లో ‘జాతిరత్నాలు’లోని ‘చిట్టి’, 2022లో ‘డీజే టిల్లు’ పాట ఆయనకు ఇంటింటా పేరు తెచ్చాయి. హుషారుకు లోటు లేదు. కాని ఆ ఎదురు ప్రశ్న వాటిలో లేదు. గొంతు అదే, బరువు వేరు.

మాది సేద్యం కుటుంబం. డిగ్రీ చేతికొచ్చాక నేనూ ఆ గాజు మేడల వైపే చూస్తాను, దాచడమెందుకు? అక్కడ ఏముందన్న ప్రశ్నకు పాటగాడు జవాబు చెప్పలేడు. బోరులో నీళ్ళు, పంటకు గిట్టుబాటు ధర ఉన్ననాడు ఊరే చెబుతుంది. అంతదాకా ఆ ప్రశ్నను మనం మరచిపోకుండా తాళంలో కట్టి ఇచ్చాడు చూడండి, గొప్పతనం అక్కడుంది.