ఐఓఎంఎంయూ: ఆన్ చేస్తే సరిపోతుందా?

ఒక ప్రోగ్రాము మెమరీని మరొకటి తొక్కకుండా ఎంఎంయూ కాపలా కాస్తుందని కాలేజీలోనే చదువుకున్నాం. మరి నెట్‌వర్క్ కార్డు సంగతేమిటి? అది డీఎంఏతో, సీపీయూ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలో రాస్తుంది. దానికి కాపలా ఐఓఎంఎంయూ. ఇంటెల్ వాళ్ళు దీన్ని వీటీ-డీ అంటారు.

ముందు బయాస్‌లో ఆన్ చెయ్యాలి. తర్వాత లినక్స్ బూట్ లైనులో 'ఇంటెల్_ఐఓఎంఎంయూ=ఆన్' చేర్చాలి (టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే లెండి). కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో ఇది ముందే ఆన్ అయి ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్ళు చాలామంది 'ఐఓఎంఎంయూ=పీటీ' కూడా అతికిస్తారు. పీటీ అంటే పాస్‌త్రూ. గెస్టుకి అప్పగించిన కార్డు ఆ గెస్టు మెమరీకే పరిమితమవుతుంది, నిజమే. కానీ హోస్టు వాడుకునే కార్డులకు మెమరీ అంతా బార్లా తెరిచినట్టే. వేగం కోసం ఇచ్చే మూల్యం ఇది. కావాలని ఇస్తే సరే, తెలియక ఇస్తేనే బాధ.

పీటీ లేకపోయినా ఇంకో సందు ఉంది. వేగం కోసం కెర్నల్ పాత మ్యాపింగులను వెంటనే చెరపకుండా కాసేపు ఆగి, ఒక్కసారిగా చెరుపుతుంది. ఆ కాసేపట్లో డివైసు పాత పేజీని తాకగలదు. 'ఐఓఎంఎంయూ.స్ట్రిక్ట్=1' పెడితే వెంటనే చెరుపుతుంది, నెట్‌వర్క్ కాస్త నెమ్మదిస్తుంది.

2019లో కేంబ్రిడ్జ్, రైస్ విశ్వవిద్యాలయాల వాళ్ళు పాల్గొన్న థండర్‌క్లాప్ పరిశోధన మరో లోపం చూపించింది. కాపలా 4 కేబీ పేజీల లెక్కన ఉంటుంది. 1,500 బైట్ల ప్యాకెట్ కోసం పేజీ తెరిస్తే, అందులో పక్కనున్న డేటా కూడా కనబడుతుంది. థండర్‌బోల్ట్ పోర్టులో ఎవరిదో డాక్ గుచ్చేముందు ఇది గుర్తుంచుకోండి.