నోటుపుస్తకములోని పేర్లు

చిరంజీవి వాసంతికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము మొన్న శనివారము చేరినది. అందు నీ ఆరోగ్యమును గూర్చి ఒక్క ముక్కయు, ప్రశ్నావళిని గూర్చి మూడు పుటలును ఉన్నవి. ఇటుకబట్టీల కూలీలపై సిద్ధాంతవ్యాసము వ్రాయ సంకల్పించినందుకు సంతోషించితిని. కాని సంక్రాంతి వెళ్లిన మరునాడే బట్టీకి పోయి, నలుగురు కూలీల పేర్లను, ఊళ్లను, వారు తమను పనికి కుదిర్చిన సర్దారు వద్ద పుచ్చుకొన్న అడ్వాన్సును ఒకే నోటుపుస్తకములో వరుసగా ఎక్కించుకొని వచ్చితినని నీవు ఉత్సాహముతో వ్రాసిన వాక్యము చదివిననాటినుండి నాకు నిద్ర సరిగా పట్టుట లేదు. ఇది ముసలితనపు చాదస్తమని మీ పెద్దమ్మ యనుచున్నది. కావచ్చును.

చట్టము నీకు నేను చెప్పవలసిన పనిలేదు. అయినను నోరు ఊరకుండదు గదా. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టమును తీసి, రెండవ సెక్షనులో దేశమందలి వెట్టిపద్ధతుల పేర్లు వరుసగా నున్నచోట చూడుము. భగేలా, జీతా, పాలేరు, వెట్టి యని మన ఊళ్ల మాటలు అందు కలవు. పశువుల కొట్టమువద్ద పొద్దున లేచినది మొదలు వినుచు పెరిగిన 'పాలేరు' అను మాట పార్లమెంటు చట్టములో అచ్చుపడి యుండుట చూచిననాడు గ్రంథాలయములో నేను చాలసేపు తల యెత్తలేకపోతిని. మన యింట నెవరిని ఆ మాటతో పిలిచెడివారో నీకు తెలియును. కూలీ వెట్టిబాకీ యన్న బాకీ అట్టిది కాదని నిరూపించు భారమును 15వ సెక్షను అప్పిచ్చినవానిమీదనే మోపినది. కావున కూలీని బోనులోని సాక్షివలె ప్రశ్నలతో నలుపకుము. కనీసవేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొను పనియు రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధించిన నిర్బంధశ్రమయే యని ఆసియా క్రీడల కట్టడపుకూలీల వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1982లో చెప్పియున్నది. వేయి ఇటుకలకు ఎంత కట్టుచున్నారో, తిండిఖర్చు క్రింద వారమున కేమి చేతికిచ్చుచున్నారో, అడ్వాన్సులో ఇంతవరకు ఎంత చెల్లినదో తాపీగా అడుగుము. బలాంగీరు, నువాపడా నుండి వచ్చిన ఒడియా వారితో మాటాడుటకు ఆ సర్దారునే దుబాసీగా పెట్టుకొన్నావేమో యని నాకు మరియొక బెంగ. వాని ఎదుట వాని బాకీదారు నోరు విప్పునా, తల్లీ?

దగ్గు తగ్గినదా? బట్టీదుమ్ములో ముక్కునకు గుడ్డ కట్టుకొనుము.

1978లో ఎం.ఏ. వ్యాసముకొరకు నేనొక ఊరు వెళ్లితిని. ఊరి పేరు నీకు గూడ వ్రాయను. అద్దెసైకిలు గొలుసు దారిలో మూడుమార్లు ఊడినది. బడి అరుగుపై రెండు రాత్రులు దోమలకు రక్తదానము చేసితిని. ఆ వయస్సున అదియే పరిశోధన యనుకొంటిని. మూడవనాటి సాయంకాలము చేదబావి గట్టుమీద ఒక జీతగాడు, కూతురి పెండ్లికి తెచ్చిన మూడువందల రూపాయలకు ఏడేండ్లనుండి నాగలి పట్టుచుంటినని, వ్రేలిముద్ర వేసిన బొటనవ్రేలిని నాకు చూపుచు చెప్పెను. గోరు చీలి, నల్లబడి యుండెను. నేను వాని పేరు, తండ్రి పేరు, బాకీ, సమస్తము ముత్యములవంటి అక్షరములతో వ్రాసికొంటిని. ఆ రాత్రి వాని ఆసామి నన్ను భోజనమునకు పిలిచిరి. సంచి అరుగుమీద పెట్టి కాళ్లు కడుగుకొని వచ్చు నంతలో నా పుస్తకము వారి చేతిలో నుండెను. 'ఏమి చక్కని దస్తూరి!' యని మెచ్చుకొని తిరిగి యిచ్చిరి. నేను మురిసి, పప్పులో నెయ్యి మారు అడిగితిని.

నెల తరువాత మరల వెళ్లునప్పటికి ఆ జీతగాని గుడిసెకు తలుపు లేదు. కొట్టములో వేరొక కుర్రవాడు పేడ తీయుచుండెను. ఎవరిని అడిగినను తెలియదనిరి. నా వ్యాసమునకు ప్రథమశ్రేణి వచ్చినది. ఈ సంగతి మీ నాన్నకు గూడ నేనెన్నడును చెప్పలేదు.

అందుచేత, అమ్మా, కోపపడక వినుము. మనిషికొక అంకె వేసి మాటలు ఒక పుస్తకములో వ్రాయుము. ఏ అంకె యెవరిదో తెలుపు చిట్టా వేరొకచోట, తాళము క్రింద నుండవలెను, బట్టీకి వెంట కొనిపోరాదు. పేరొక్కటి దాచినంత మాత్రమున చాలదు. 'ముగ్గురు కూతుళ్ల తండ్రి, ఎడమకంట పువ్వున్నవాడు' అని వ్రాసితివా, బట్టీలోని పసిపిల్ల సైతము పోల్చును. ముఖములు ఫోనులో పట్టకుము, స్నేహితురాండ్రకు పంపకుము. చెప్పినది వెనుకకు తీసికొనవచ్చునని మొదటనే వారి భాషలో వారికి తెలియజెప్పుము. ఎవరైన తన పేరు వేసితీరవలెనని పట్టుబట్టినచో వాని మాట కాదనకుము, కాని సీజను ముగిసి, లెక్క తేలి, వాడు ఇల్లు చేరిన పిమ్మట మరియొకసారి అడుగుము. ఇంత జాగ్రత్తకు వ్యాసము ఒక ఏడాది ఆలస్యమగునేమో. మీ నాన్నతో నేను మాటాడుదును.

పెద్దమ్మ సున్నుండలు కట్టినది, బస్సు పార్సెలులో వేయించుచున్నాను. వానితోబాటు రెండు నోటుపుస్తకములు, ఒకటి ఎఱ్ఱ అట్టది, ఒకటి నీలిది. తిరుగుటపాలో ఒక్క సంగతి వ్రాయుము. ఆ నలుగురి పేర్లున్న పుస్తకము హాస్టలు గదిలో నీ బల్లమీదనే యున్నదా?

ఇట్లు,
నీ పెదనాన్న