అర్థం చెప్పకండి, అడగండి



ఒక సాయంత్రం మా విచారణకు చెందిన ఒక తల్లి దగ్గు మందు సీసాతో వచ్చింది. వెంట తొమ్మిదో తరగతి చదివే కొడుకు. సీసా మీద ఉన్న “షేక్ వెల్ బిఫోర్ యూజ్” అనే మాటలు కుర్రవాడు తడబడకుండా చదివాడు. “అంటే ఏటిరా?” అని తల్లి అడిగితే నా ముఖం చూశాడు. చిన్న తరగతిలో ‘వెల్’ అంటే బావి అని నేర్చుకున్నాడు. మందు సీసాకూ బావికీ సంబంధమేమిటో అతనికి పాలుపోలేదు.

అక్షరాలు పలకడం వేరు, చదవడం వేరు. బడిలో ప్రతి వాక్యానికీ తెలుగు అర్థం మాస్టారు చెప్పేస్తారు. జవాబులు గైడులో ఉంటాయి. ఇక అర్థాన్ని సొంతంగా వెతుక్కునే అవసరం పిల్లవాడికి ఎక్కడ వస్తుంది? పది దాటి కాలేజీకి వెళ్లాక గైడు లేని పుస్తకం ఎదురైతే బెదిరిపోతాడు.

మన శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన గిడుగు రామమూర్తి గారిని (1863–1940) చూడండి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., బి.ఏ. ప్యాసయ్యారు. ముఖలింగం గుడిలోని ప్రాచీన శాసనాలను స్వయంకృషితో చదవడం నేర్చుకున్నారు. తెలిసినదాన్ని ఆసరా చేసుకుని తెలియనిదాన్ని పట్టుకోవడమే నిజమైన చదువు.

ఇంటి దగ్గర ఇలా చేయించండి:

1. తరగతి పుస్తకం కంటే తేలికైన కథల పుస్తకం ఇవ్వండి. ఒక పేజీలో ఐదుకు మించి తెలియని మాటలుంటే, ఆ పుస్తకాన్ని తర్వాతకు దాచండి.

2. రోజూ పదిహేను నిమిషాలు చాలు. తెలియని మాట దగ్గర ఆగకుండా పేరా చివరిదాకా చదవనివ్వండి.

3. తర్వాత ఆ మాటకు అర్థం ఊహించమనండి. సీసాను ‘షేక్’ చేయమంటే కుదపమని గదా! అక్కడ ‘వెల్’ బావి కాదు, ‘బాగా’ అని పిల్లవాడే పట్టుకుంటాడు. నిఘంటువు చివర తీయాలి, ఊహ సరిచూసుకోవడానికి.

4. చదివింది తెలుగులో చెప్పించుకోండి. దీనికి మీకు ఇంగ్లీషు రానక్కరలేదు. “ఏటి సదివినావు, నాకు సెప్పు” అని అడిగే తల్లి ఉంటే చాలు.

అపోస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఫిలిప్పు రథమెక్కి, ఇతియోపీయ అధికారికి లేఖనాన్ని విడమరచి చెప్పాడు. ఆ తర్వాత అతని కంటికి కనబడలేదు. అయినా ఆ అధికారి సంతోషంగా తన దారిన సాగిపోయాడు. మనం కూడా పిల్లల పక్కన కొంతకాలమే కూర్చోవాలి. ఆ తర్వాత రథం వాళ్లే నడుపుకోవాలి.