వీరులకు పూజ, అందరికీ చాపకూడు: కారెంపూడి నుంచి ఒక పాఠం

శ్రీకృష్ణ రాయబారం వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన విషయం ఒకటుంది. దాన్ని ఇక్కడ కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

సరిహద్దులో మన జవాన్ ఒకరు అమరుడయ్యారన్న వార్త రాగానే మన ఫోన్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. స్టేటస్‌లు, రీల్స్, సాయంత్రానికి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కొవ్వొత్తుల ర్యాలీ. అదంతా మంచిదే. కానీ ఆ ర్యాలీలో ఎవరైనా "శాంతి" అనే మాట ఎత్తితే చాలు, వీరుడిని అవమానించినట్టు చూస్తారు. వీరుడిని గౌరవించడం, శాంతి కోరుకోవడం ఒకదానికొకటి అడ్డమా? మన సంప్రదాయం అలా అనుకోలేదు.

ముందు భారతం చూద్దాం. కృష్ణుడు హస్తినకి రాయబారానికి వెళ్లాడు. కనీసం ఐదు ఊళ్లిచ్చినా చాలన్నాడు. దుర్యోధనుడు వినడని ఆయనకి తెలియదా? తెలుసు. అయినా వెళ్లాడు. ప్రయత్నం చేయకుండా యుద్ధానికి దిగితే ఆ రక్తానికి బాధ్యత ఎవరిది? సంధి కుదరకపోయాకే పార్థుడి రథం పగ్గాలు పట్టాడు.

ఇక యుద్ధం అయిపోయాక స్త్రీపర్వం. ధర్మరాజు చేయించిన మొదటి పని పట్టాభిషేకం కాదు, అంత్యక్రియలు. విదురుడు, సంజయుడు, ధౌమ్యుడు మొదలైనవాళ్లకి ఆ పని అప్పగించాడు. తన వైపు వాళ్లకే కాదు, దుర్యోధనుడికీ అతని తమ్ముళ్లకీ కూడా. దూరదేశాల నుంచి వచ్చి చచ్చిపోయి, నావాళ్లని చెప్పుకునే దిక్కులేని సైనికులకి కూడా చితులు పేర్పించాడు. తర్వాత గంగ ఒడ్డున తర్పణాలు. కర్ణుడు తన పెద్ద కొడుకని కుంతి బయటపెట్టింది అక్కడే. అంతవరకూ శత్రువనుకున్నవాడికి ధర్మరాజు అన్నగా నీళ్లు వదిలాడు. నాకైతే భారతం మొత్తంలో ఇంతకంటే బరువైన ఘట్టం ఇంకోటి కనపడదు.

ఇదంతా పురాణం కదా అంటారా? అయితే పల్నాడు వెళ్దాం రండి.

12వ శతాబ్దంలో గురజాల నలగామరాజుకీ మాచర్ల మలిదేవరాజుకీ, అంటే సవతి అన్నదమ్ముల మధ్య, పోరు జరిగింది. కోడిపందెం, ఓడినవాళ్లకి వనవాసం, గడువు తీరాక రాజ్యం అడగడం... భారతం చదివినట్టే ఉంటుంది. ఇక్కడా రాయబారం ఉంది. వెళ్లినవాడు అలరాజు. స్వయానా నలగామరాజు అల్లుడు. ఆ రాయబారంలోనే అతనికి విషం పెట్టి చంపారని కథ. చివరికి కారెంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. బాలచంద్రుడి లాంటి కుర్రాళ్లు ఎంతోమంది అక్కడే ఒరిగిపోయారు.

ఆ వీరులకి కారెంపూడిలో గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ పేర్లు ఒకసారి మళ్లీ చదవండి. వీరుల పండగలో ఒక రోజు మొత్తం రాయబారానికి ఇచ్చారు! కత్తి పట్టి చనిపోయినవాళ్లతో పాటు, సంధి కోసం వెళ్లి చనిపోయినవాడినీ అదే పండగలో తలుచుకుంటున్నారు. వీరాచారవంతులు ఊరూరి నుంచి ఆయుధాలు తెచ్చి పూజిస్తారు, వీరవిద్యావంతులు కథ పాడతారు.

మందపోరు రోజున చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడే, ఆ చాపకూడు. మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకుని సేనాపతిని చేసినవాడాయన. ఊరంతా కలిసి ఉండాలని చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు, ఒక పంక్తి చాలు. యుద్ధం గెలిచాక కూడా బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగామరాజుకే అప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని పల్నాడులో చెప్పుకుంటారు.

మరి మన కాలనీలో ఏం చేయొచ్చు? 2020 జూన్‌లో గల్వాన్‌లో 20 మంది జవాన్లు అమరులయ్యారు. వాళ్లలో కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. తర్వాత ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. మిగిలిన 19 మందిలో ఒక్కరి పేరైనా మనలో ఎంతమందికి గుర్తుంది? ఈసారి ర్యాలీ పెడితే నినాదాల కంటే ముందు పేర్లు చదవండి, ఒక్కో పేరుకి ఒక్కో దీపం పెట్టండి. డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. ఆ రోజు ఇచ్చే విరాళం మాజీ సైనికులకీ, అమరుల కుటుంబాలకీ వెళ్తుంది. అపార్ట్‌మెంట్ కమిటీ తరఫున ఒక డబ్బా తిప్పడం పెద్ద పనేం కాదు. మీ వీధిలోనే రిటైరైన ఫౌజీ అంకుల్ ఎవరైనా ఉంటే పిలిచి, మైక్ ఆయనకివ్వండి. యుద్ధం గురించి మనకంటే ఆయన తక్కువ మాట్లాడతారు, గమనించండి.

కష్టమైన సంగతి ఒకటి మిగిలింది. సరిహద్దులో జరిగినదానికి కోపం వచ్చి, ఆ కోపాన్ని పక్క వీధిలో పండ్లు అమ్ముకునే వేరే మతం అతని మీద చూపించేవాళ్లు ఉంటారు. వాట్సాప్ గ్రూపులో "వాడి దగ్గర కొనొద్దు" అని మెసేజ్ వస్తుంది. అప్పుడు మౌనంగా ఉండకండి. "అన్నా, అతను ఏం చేశాడని?" అని అదే గ్రూపులో, అందరి ముందూ అడగండి. అడిగినందుకు నాలుగు మాటలు పడాల్సి రావచ్చు. నిండు సభలో కృష్ణుడంతటివాడినే బంధించాలని చూశారు కదా!

కుదిరితే ఈ కార్తీక అమావాస్యకి కారెంపూడి వెళ్లి రండి. మందపోరు రోజుకి అక్కడ ఉండేలా చూసుకోండి, చాపకూడు దొరుకుతుంది. వచ్చే వీడియోలో భీష్మాష్టమి తర్పణం గురించి చెప్పుకుందాం.