గాలిలో చల్లిన మందు ఎక్కడ దిగుతుంది?
వ్యవసాయ విమాన చోదకుల సభ నుంచి మారేడుమిల్లి కొండల దాకా

పిల్లలూ! డాక్టర్ల సభలు, ఇంజనీర్ల సభలు, ఉపాధ్యాయుల సభలు జరుగుతాయని మీరు వినే ఉంటారు. పంటలమీద విమానంతో మందు చల్లే పైలట్లకు కూడా ఏటా ఒక సభ జరుగుతుందని మీకు తెలుసా? అమెరికాలో ఈ పైలట్లకు నేషనల్ అగ్రికల్చరల్ ఏవియేషన్ అసోసియేషన్ అనే సంఘం ఉంది. అది 1966లో ఏర్పడింది. పొలాల పని తగ్గిన రోజుల్లో, ప్రతి సంవత్సరం ఒక నగరంలో వీరంతా కలుస్తారు. కొత్త విమానాలు, ఇంజన్లు, పంపులు, నాజిళ్లు అక్కడ ప్రదర్శనకు పెడతారు. ఒక్కసారికి సుమారు 3,000 లీటర్ల మందు మోయగల ఎయిర్ ట్రాక్టర్ 802 లాంటి విమానాన్ని కూడా దగ్గరనుంచి చూడవచ్చు.

అయితే అది కొనుగోళ్ల సంత మాత్రమే కాదు. పాఠాలు కూడా జరుగుతాయి. ఆ పాఠాల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది, పైలట్ ప్రాణం కాపాడుకోవడం ఎలా? నేలకు మూడు నాలుగు మీటర్ల ఎత్తులో, గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో ఎగిరేవాడికి కరెంటు తీగలు, సన్నని స్తంభాలు యమపాశాలే. రెండవది, చల్లిన మందును పొలం దాటి పోనీయకుండా ఆపడం ఎలా? ఈ రెండో పాఠం మనకూ అవసరమే. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

మొదటి ప్రయోగం

1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో, ట్రాయ్ అనే ఊరి దగ్గర ఈ పద్ధతిని మొదటిసారి పరీక్షించారు. అక్కడ ఒక కటాల్పా చెట్ల తోటను గొంగళిపురుగులు తినేస్తున్నాయి. జాన్ మెక్‌రెడీ అనే సైనిక పైలట్ కర్టిస్ జెన్నీ విమానంలో లెడ్ ఆర్సినేట్ పొడిని తీసుకుపోయి చల్లాడు. అందులో సీసం ఉంది, పాషాణమూ ఉంది. రెండూ విషాలే. కొద్ది నిమిషాల్లో పని ముగిసింది, పురుగులు చచ్చాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. విమానం తోట నెత్తిమీద ఎగరలేదు. గాలి వచ్చే వైపున, తోట అంచు వెంట ఎగిరింది. పొడిని తోటలోకి మోసుకుపోయింది గాలే! అంటే మొట్టమొదటి ప్రయోగంలోనే గాలి సగం పని చేసింది. కానీ గాలి మనం చెప్పినచోట ఆగదు కదా. తోట దాటిన తర్వాత కూడా అది పోతూనే ఉంటుంది.

మన దేశంలో కూడా ఈ పనికోసం విమానం తయారైంది. బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ రూపొందించిన ఆ విమానం పేరు ‘బసంత్’. అది 1972లో మొదటిసారి ఎగిరింది.

చుక్క చిన్నదైతే ఏమవుతుంది?

ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక మైక్రాను. మన తల వెంట్రుక మందం దాదాపు 70 నుంచి 100 మైక్రాన్లు. మందు చుక్కలను కూడా ఈ కొలతతోనే కొలుస్తారు.

మూడు మీటర్ల ఎత్తునుంచి చుక్కలు పడుతున్నాయనుకుందాం. గాలి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనం నడిచేటంత వేగంతో, వీస్తోందనుకుందాం. 400 మైక్రాన్ల చుక్క రెండు సెకన్లలో నేల చేరుతుంది. ఆలోగా పక్కకు జరిగేది మూడు మీటర్ల లోపే. 100 మైక్రాన్ల చుక్కకు పదకొండు సెకన్లు పడుతుంది. అది 15 మీటర్ల దూరం పోతుంది. 10 మైక్రాన్ల చుక్క దిగడానికి పదహారు, పదిహేడు నిమిషాలు పడుతుంది! ఈలోగా అది దాదాపు 1,400 మీటర్లు, అంటే పక్క ఊరిదాకా పోగలదు.

ఎందుకిలా? చుక్క వ్యాసం సగమైతే దాని బరువు ఎనిమిదో వంతు అవుతుంది. కానీ గాలికి ఎదురయ్యే దాని వైశాల్యం నాలుగో వంతే అవుతుంది. బరువు తగ్గినంతగా గాలి నిరోధం తగ్గదు. అందుకే చిన్న చుక్క గాలిలో తేలుతుంది. ఎండలో నీరు ఆవిరైతే చుక్క ఇంకా చిన్నదై, ఇంకా దూరం పోతుంది.

అలాగైతే అన్నీ పెద్ద చుక్కలే చల్లవచ్చు కదా అని మీరడగవచ్చు. అక్కడే ఉంది చిక్కు. 400 మైక్రాన్ల ఒక్క చుక్కలో ఉండే మందుతో 100 మైక్రాన్ల చుక్కలు 64 చేయవచ్చు. చుక్కలు ఎక్కువైతే ఆకులన్నిటికీ మందు అందుతుంది. పెద్ద చుక్కలు కొన్ని ఆకులమీదే పడి జారిపోతాయి. మరీ పెద్దదైతే దండగ, మరీ చిన్నదైతే ముప్పు. ఈ రెంటికీ నడుమ సరైన కొలత పట్టుకోవడమే ఈ విద్యలో ముఖ్యమైన మెలకువ.

దారం చెప్పే సాక్ష్యం

ఆ కొలత పట్టుకోవడానికి అమెరికా పైలట్లు ఒక పరీక్ష పెట్టుకున్నారు. ఒక మైదానంలో పొడవైన నూలు దారం అడ్డంగా కడతారు. పైలట్ తన ట్యాంకులో మందు కాకుండా రంగునీళ్లు నింపుకొని, దారం మీదుగా గాలికి ఎదురుగా ఎగురుతూ చల్లుతాడు. తర్వాత ఆ దారాన్ని ఒక యంత్రంలోంచి లాగుతారు. దారంలో ఏ చోట రంగు ఎంత అంటిందో యంత్రం గీత గీసి చూపిస్తుంది. ఎక్కడ ఎక్కువ పడింది, ఎక్కడ తక్కువ పడింది అని పైలట్ చూసుకొని నాజిళ్లు సరిచేసుకుంటాడు. చుక్కల సైజు తెలుసుకోవడానికి నీరు తగిలితే రంగు మారే కాగితాలు కూడా పరుస్తారు.

ఇలాంటి పరీక్షలవల్ల ఒక సంగతి బయటపడింది. విమానం ఎగిరేటప్పుడు రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ. అందుచేత రెక్క చివర దగ్గర కింది గాలి పైకి చుట్టుకుంటూ సుడి తిరుగుతుంది. అక్కడ నాజిల్ ఉంటే ఆ సుడి చుక్కలను పైకి ఎగరేస్తుంది. అందుకే నాజిళ్ల గొట్టాన్ని రెక్క చివరిదాకా పెట్టరు. రెక్కల పొడవులో సుమారు మూడు వంతులకే ఆపేస్తారు. నాజిల్‌ను వెనక్కు తిప్పి పెడితే ఎదురుగాలి తాకిడి తగ్గి చుక్కలు చితకవు. చూడటానికి చిన్న మార్పులే, కానీ వీటివల్ల పక్కవాడి చేను, చెరువు బతుకుతాయి.

కొండల్లో గాలి తీరు వేరు

ఇదంతా చదునైన నేల సంగతి. మరి మారేడుమిల్లి లాంటి చోట?

తూర్పు కనుమల్లోని ఈ ప్రాంతంలో కొండ వాలులు, లోతైన లోయలు, పాములేరు వంటి వాగులు ఉన్నాయి. పగలు ఎండకు వాలు వేడెక్కి, దాన్ని ఆనుకున్న గాలి తేలికై పైకి పాకుతుంది. రాత్రి వాలు చల్లబడి, చల్లని బరువైన గాలి కిందికి జారి లోయలో చేరుతుంది. కాబట్టి కొండమీద పొద్దున చల్లిన మందు ఒక వైపు పోతే, మధ్యాహ్నం చల్లింది మరో వైపు పోతుంది.

శీతాకాలంలో ఇంకొక విశేషం ఉంది. మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లగా ఉంటుంది. కానీ నిర్మలమైన రాత్రి గడిచాక తెల్లవారుజామున లోయలో చల్లని గాలి, దానిమీద వెచ్చని గాలి ఉంటాయి. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. వెచ్చని గాలి మూతలాగా పనిచేస్తుంది. కిందిగాలి పైకి పోలేదు. గుడిస కొండమీదికి తెల్లవారకముందే ఎక్కి, కాళ్ల కింద పాలసముద్రంలా పరచుకున్న మంచును చూసి యాత్రికులు సంబరపడతారు కదా! ఆ మంచు లోయలోనే నిలిచి ఉండటానికి కారణం ఈ మూతే. వంట పొయ్యి పొగ పైకి లేవకుండా గుడిసెల మీద బల్లపరుపుగా సాగడం కూడా దీని గుర్తే.

ఆ వేళ మందు చల్లితే సన్నని చుక్కలు కూడా ఆ పొగలాగే ఎటూ చెదరక, మబ్బులా కదిలి, లోయలోని ఇళ్లమీదికీ వాగులమీదికీ చేరతాయి. ‘గాలి లేదు, మంచి సమయం’ అనుకునే వేళే ఎక్కువ ప్రమాదకరమైనదన్నమాట.

కాసరగోడ్ నేర్పిన పాఠం

ఇది ఊహ కాదు. కేరళలోని కాసరగోడ్ జిల్లాలో కొండలమీద జీడిమామిడి తోటలున్నాయి. ఇళ్లు, బావులు, వాగులు ఆ తోటల పక్కనా, దిగువనా ఉన్నాయి. టీ దోమ అనే పురుగును చంపడానికి 1970ల చివరినుంచి 2000 దాకా, ఏటా రెండు మూడుసార్లు, హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ అనే మందు చల్లారు.

కొన్నేళ్లకు ఆ ఊళ్లలో పుట్టుకతో వచ్చే లోపాలు, నరాల జబ్బులు అసాధారణంగా కనిపించసాగాయి. వ్యవసాయ శాఖ ఉద్యోగిని లీలాకుమారి అమ్మ కోర్టుకు వెళ్లారు. 2000లో గాలిపిచికారీ ఆగింది. తర్వాత అహమ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతపు బడిపిల్లలను పరీక్షించారు. చివరి పిచికారీ జరిగి నెలలు గడిచినా వారి రక్తంలో ఎండోసల్ఫాన్ కనిపించింది. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఈ మందును ఆపింది. అదే సంవత్సరం ప్రపంచ దేశాలు కూడా స్టాక్‌హోం ఒప్పందం కింద దీన్ని నిషేధపు జాబితాలో చేర్చాయి. బాధితులకు అయిదేసి లక్షల రూపాయల చొప్పున చెల్లించమని 2017లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

జీడిమామిడి మన ఏజెన్సీలో కూడా పండుతుంది. ఇక్కడ కూడా తోట వాలుమీద, ఊరు దిగువన. కాబట్టి కాసరగోడ్ కథ మనకు పరాయిది కాదు.

ఇప్పుడు డ్రోన్ల కాలం

విమానం ఈ కొండల్లో దిగలేదు. కానీ డ్రోన్‌కు విమానాశ్రయం అక్కరలేదు. 2021లో మన దేశంలో డ్రోన్ నియమాలు వచ్చాయి. ఆ డిసెంబరులోనే డ్రోన్‌తో మందు చల్లే పద్ధతులను కేంద్ర వ్యవసాయ శాఖ ప్రకటించింది. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు అందించే పథకాన్ని 2023లో ఆమోదించారు. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి, శిక్షణ పొందినవారు డ్రోన్ పైలట్ కావచ్చు. అంటే మీలో కొందరు నాలుగైదేళ్లలో ఈ పని చేస్తూ ఉండవచ్చు!

డ్రోన్‌వల్ల మేలు ఉంది. వీపున పంపు మోసేవాడు మందులో తడవనక్కరలేదు. డ్రోన్ మరల గాలి చుక్కలను కిందికి నెట్టి ఆకుల మధ్యకు చేరుస్తుంది. అయితే ఒక తేడా మరచిపోకూడదు. చేతిపంపుతో ఎకరానికి సుమారు 200 లీటర్ల ద్రావణం చల్లే చోట డ్రోన్ 10 లీటర్లే చల్లుతుంది. మందు మోతాదు అంతే ఉంటే ద్రావణం ఎన్నో రెట్లు చిక్కన! పక్కకు పోయిన ప్రతి చుక్కలోనూ విషం ఎక్కువే.

మరి ఎప్పుడు చల్లాలి? తేనెటీగలు గూటిలో ఉండేది తెల్లవారుజామున. కానీ అదే విలోమం ఉండే వేళ. ఎండెక్కితే విలోమం విడిపోతుంది, కానీ ఈగలు పూలమీదికి వస్తాయి. గాలి కూడా పెరుగుతుంది. కొండతేనె తీసి అమ్ముకునే మన కొండరెడ్ల కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. అందుకే పూతమీద ఉన్న తోటలో ఈగలను చంపే మందు చల్లకపోవడమే మేలు. మిగతా కాలంలో పొగ నిటారుగా పైకి లేవడం మొదలయ్యాక, గాలి ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడు చల్లాలి. వాగు పక్కన, ఇళ్ల పక్కన కొంత నేలను ఏమీ చల్లకుండా విడిచిపెట్టాలి. కంది, సామ, చోడి కలిపి వేసిన పోడు చేలో, అందులోనూ నిలువు వాలుమీద, డ్రోన్‌తో చల్లడం తగునా అని ముందే ఆలోచించాలి. చల్లకూడని చోట చల్లను అని చెప్పగలగడం కూడా పైలట్ విద్యలో భాగమే.

చేసి చూడండి

1. ఒక వారంపాటు పొద్దున ఆరు గంటలకు, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం అయిదుకు ఆరుబయట అగరొత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో, పైకి లేస్తోందో, అడ్డంగా సాగుతోందో నోటుబుక్కులో రాయండి. కొండ ఏ వైపు, వాగు ఏ వైపు ఉన్నాయో కూడా గుర్తించండి.

2. చేతితో నొక్కే కొత్త స్ప్రే సీసాలో సిరా కలిపిన నీళ్లు పోయండి. గాలి పోయే దిశలో మీటరుకొకటి చొప్పున పది తెల్ల కాగితాలు పరిచి, రాళ్లు పెట్టండి. నడుమెత్తునుంచి పదిసార్లు చల్లి, ప్రతి కాగితంమీది చుక్కలు లెక్కపెట్టండి. మూతి తిప్పి చుక్కలు పెద్దవి చేసి మళ్లీ చల్లండి. తేడా ఏమిటి? (పురుగుమందు పోసిన సీసాలను, పంపులను ఎట్టిపరిస్థితుల్లోనూ ముట్టుకోకండి.)

ప్రశ్నలు

1. చుక్క వ్యాసం సగమైతే అంతే మందుతో ఎన్ని చుక్కలు ఏర్పడతాయి?
2. రెక్క చివర నాజిల్ ఎందుకు పెట్టరు?
3. గాలి బొత్తిగా లేని తెల్లవారుజామున లోయలో మందు ఎందుకు చల్లకూడదు?
4. మీ ఊరి పటం గీసి, మందు అసలు చల్లకూడని చోట్లను ఎర్రరంగుతో చూపండి. ఆ పటాన్ని మీ ఇంట్లో పెద్దలకు చూపించి, వారేమంటారో అడగండి.