క్యాప్ వేయించుకుంటున్నారా? అంచు మీద కన్నేసి ఉంచండి
సందేహాలు - సమాధానాలు: దంత వైద్యం

సందేహం: సెలవు మీద శ్రీకాకుళం వెళ్లినప్పుడు కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నాను. క్యాప్ వేసేలోపే సెలవు అయిపోయి సింగపూర్ వచ్చేశాను. నొప్పేమీ లేదు. వచ్చే ఏడాది ఊరెళ్లినప్పుడు వేయించుకోవచ్చా?
- ఓ పాఠకుడు, సెరంగూన్ రోడ్డు

సమాధానం: అంతవరకు ఆగకండి. నరం తీసేశారు కాబట్టి పన్ను దెబ్బతింటున్నా మీకు నొప్పి తెలియకపోవచ్చు. పిప్పి తొలిచాక దవడ పన్నులో మిగిలేవి పల్చటి గోడలే. నమిలే బరువంతా వాటి మీదే పడుతుంది. ఏ జంతిక ముక్కో కొరికినప్పుడు పన్ను నిలువునా చీలి, ఆ చీలిక వేరుదాకా పోతే పన్ను తీసేయడం తప్ప దారి ఉండదు. పైన పెట్టిన తాత్కాలిక సిమెంటు అరిగినా లోపలికి సూక్ష్మజీవులు చేరి, చేసిన చికిత్స పాడవుతుంది. ఊళ్లో తీసిన ఎక్స్‌రే ఫోన్‌లో ఉంటే ఇక్కడి డాక్టరుకు చూపించండి. కంపెనీ బీమాలో పంటి వైద్యం ఉందేమో ముందే అడగండి. క్యాప్ వేసేదాకా ఆ వైపు గట్టివి నమలొద్దు.

సందేహం: క్యాప్ కోసం రెండుసార్లు రావాలన్నారు. ఏం చేస్తారు? బాగా నొప్పి ఉంటుందా?
- ఓ పాఠకురాలు, సెరంగూన్ నార్త్

సమాధానం: మొదటిసారి పన్నులో ప్రాణం ఉంటే మత్తు సూది ఇచ్చి, పన్నును పైనా చుట్టూ అరగదీస్తారు. క్యాప్ రకాన్ని బట్టి పైన సుమారు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు తగ్గిస్తారు. సూది గుచ్చినప్పటి చురుకు, మిషన్ చప్పుడు తప్ప పెద్దగా నొప్పి ఉండదు. తర్వాత అచ్చు తీస్తారు లేదా చిన్న కెమెరాతో స్కాన్ చేస్తారు. పక్క పళ్లతో రంగు సరిచూస్తారు. అసలు క్యాప్ ల్యాబ్ నుంచి రావడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆలోగా తాత్కాలిక క్యాప్ పెడతారు. జీళ్లు, చిక్కీలు, చూయింగ్ గమ్ దాన్ని పీకేస్తాయి, ముట్టకండి. ఒకవేళ ఊడితే ఇంట్లో ఉన్న జిగురుతో అతికించకుండా, దాన్ని తీసుకుని వెంటనే క్లినిక్‌కు వెళ్లండి. రెండోసారి అసలు క్యాప్‌ను పెట్టి చూసి, అమరిక సరిపోయాకే సిమెంటుతో బిగిస్తారు. అప్పుడే అద్దం అడిగి రంగు చూసుకోండి. నచ్చకపోతే బిగించక ముందే చెప్పండి.

సందేహం: క్యాప్ వేసి మూడు రోజులైంది. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది. నోరు మూస్తే ముందు ఆ పన్నే తగులుతోంది. అలవాటైపోతుందా?
- ఓ పాఠకుడు, ఫేరర్ పార్క్

సమాధానం: జివ్వుమనడం ప్రాణమున్న పన్నుకు కొన్నాళ్లు మామూలే, క్రమంగా తగ్గుతుంది. ముందే తగలడం మాత్రం అలవాటు చేసుకోవాల్సింది కాదు. క్యాప్ కాస్త ఎత్తుగా ఉందన్నమాట. డాక్టరు రంగు కాగితం కొరికించి, మచ్చ పడ్డచోట నాలుగు నిమిషాల్లో అరగదీస్తారు. వదిలేస్తే పన్ను, దవడ రెండూ నొప్పెడతాయి. పన్ను దానంతటదే సలుపుతున్నా, రాత్రి నిద్ర పట్టకపోయినా, చిగురు వాచినా ఆలస్యం చేయకండి.

సందేహం: నల్గొండ నుంచి మా అమ్మ వచ్చింది. చిన్నప్పటి నుంచీ పళ్లపై గోధుమ రంగు చారలు. అన్నిటికీ క్యాపులు వేయిస్తే పోతాయా?
- ఓ పాఠకురాలు, హౌగాంగ్

సమాధానం: చారలు కనబడవు. కానీ గట్టిగా ఉన్న పళ్లను రంగు కోసం అరగదీయడం మంచిది కాదు, అరగదీసింది తిరిగి రాదు. పళ్లు ఏర్పడే వయసులో నీళ్లలో ఫ్లోరైడ్ మితిమీరితే ఈ మచ్చలు వస్తాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నల్గొండ ప్రాంతంలో అనేక ఊళ్ల బోరు నీళ్లు ఆ హద్దు దాటాయి. ముందు పైపొర మెరుగు పెట్టడం, బ్లీచింగ్, పన్ను రంగు పూత లాంటివి అడిగి చూడండి. విరిగిన, పుచ్చిన పళ్లకే క్యాప్ ఆలోచన చేయండి.

సందేహం: ఏ క్యాప్ మంచిది? ప్రభుత్వ సాయం ఉందా? ఎన్నాళ్లు వస్తుంది?
- ఓ పాఠకుడు, సెరంగూన్ సెంట్రల్

సమాధానం: వెనక పన్నుకు జిర్కోనియా గట్టిది. ముందు పన్నుకు పింగాణీ రకాలు సహజంగా కనిపిస్తాయి. సింగపూర్ పౌరులై నీలం లేదా నారింజ చాస్ (ప్రభుత్వ వైద్య రాయితీ పథకం) కార్డు ఉన్నా, పయనీర్, మెర్డెకా తరం పెద్దలైనా చాస్ క్లినిక్‌లలో క్యాప్‌కు రాయితీ ఉంటుంది. పర్మనెంట్ రెసిడెంట్లకు, వర్క్ పాస్ వారికి అది వర్తించదు. పని మొదలవకముందే ఎక్స్‌రే, తాత్కాలిక క్యాప్, జీఎస్టీ కలిపి మొత్తం ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. డాక్టరు పేరు సింగపూర్ డెంటల్ కౌన్సిల్ జాబితాలో ఉందో చూసుకోండి.

శ్రద్ధగా చూసుకుంటే పదేళ్లు, పదిహేనేళ్లు, ఒక్కోసారి అంతకుమించి వస్తుంది. క్యాప్ పుచ్చదు, దాని అంచు కింద ఉన్న మీ సొంత పన్ను పుచ్చుతుంది. చిగురును ఆనుకుని ఉన్న ఆ గీత దగ్గరే రోజూ రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో తోమండి. పడుకునే ముందు పళ్ల సందుల్లో దారం పోనివ్వండి. ఆరు నెలలకోసారి డాక్టరుతో ఆ అంచు పరీక్ష చేయించుకోండి.