స్థూలకాయుని నిద్ర

లావైన మనుష్యుడు పగటివేళ కూర్చున్నచోటనే కునుకుచుండుట మనము చూచుచుందుము. బస్సులోనో, సభలోనో, అంగడిలో గల్లాపెట్టె ముందరనో అతని తల వ్రాలిపోవును; గురక వినవచ్చును. చుట్టునున్నవారు నవ్వి, "కుంభకర్ణుడు" అని పేరు పెట్టుదురు. "తిండియు నిద్రయు తప్ప వేరు పని లేదు, అందుచేతనే ఒడలు పెరిగినది" అని తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు న్యాయమైనదేనా? అతడు నిజముగా అందఱికంటె ఎక్కువ నిద్రపోవుచున్నాడా?

ఇట్టివారిని చూచి నవ్వుట మన దేశమునకే పరిమితము కాదు. ఆంగ్ల నవలాకారుడగు చార్లెస్ డికెన్స్ 1836-37 సంవత్సరములలో ప్రకటించిన "పిక్విక్ పేపర్స్" నవలలో జో అను పనికుఱ్ఱవాడు కలడు. వాడు మిక్కిలి లావైనవాడు. ఎక్కడనున్నను నిద్రలోనికి జారిపోవుచుండును. పాఠకులు నూరేండ్లకు పైగా వానిని చూచి నవ్వుకొనిరి. 1956లో అమెరికా వైద్యులు కొందరు ఒక రోగిని గూర్చి వ్రాసిరి. అతడొక వ్యాపారసంస్థలో అధికారి, స్థూలకాయుడు. ఒకనాడు పేకాటలో చేతికి మంచి ముక్కలు వచ్చియు, ఆట సాగకముందే నిద్రపోయెను. అంతట తనకేదో రోగము గలదని తలచి వైద్యశాలలో చేరెను. వైద్యులకు డికెన్స్ సృష్టించిన జో జ్ఞప్తికి వచ్చెను. ఆ రోగమునకు వారు పిక్విక్ పేరే పెట్టిరి. నవ్వులాటగా తోచినది రోగలక్షణమని ఆ విధముగా తేలెను.

1965లో ఫ్రాన్సు, జర్మనీ దేశముల పరిశోధకులు ఇట్టి రోగులు నిద్రించునప్పుడు వారి శ్వాసను పరీక్షించిరి. నిద్రలో వారి ఊపిరి మాటిమాటికి ఆగిపోవుచున్నట్లు కనుగొనిరి. దీనికి కారణమేమి? మెడలోను, నాలుక మొదటను క్రొవ్వు పేరుకొన్నప్పుడు గొంతులోని గాలిదారి ఇరుకగును. మేలుకొనియున్నంత సేపు కండరములు ఆ దారిని తెరచియుంచును. నిద్రలో అవి సడలును. ఇరుకుదారిలో గాలి పోవునప్పుడు కలుగు చప్పుడే గురక. దారి పూర్తిగా మూసికొన్నచో గురకయు ఆగును, ఊపిరియు ఆగును. పది సెకండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు అట్లే యుండును. రక్తములో ప్రాణవాయువు తగ్గును. మెదడు ఉలికిపడి అతనిని క్షణకాలము మేలుకొల్పును. అతడు పెద్ద శబ్దముతో ఊపిరి తీసికొని మరల నిద్రించును. తెల్లవారిన పిమ్మట ఇదేమియు అతనికి జ్ఞాపకముండదు.

ఈ రోగమును వైద్యులు "స్లీప్ ఆప్నియా" అందురు. గంటకు 30 పర్యాయములు గాని అంతకు మించి గాని ఊపిరి ఆగుటయో, మిక్కిలి తగ్గుటయో జరిగినచో, రోగము తీవ్రమైనదని యెంచుదురు. ఏడుగంటల రాత్రిలో అది 210 పర్యాయములగును. అన్నిమారులు తట్టి లేపబడినవానికి నిద్ర యెక్కడిది? గురక పెట్టువాడు హాయిగా నిద్రించుచున్నాడనుకొనుట సరికాదు. పగటి కునుకు అతని సోమరితనము కాదు. రాత్రి దక్కని నిద్రకై శరీరము పడు ఆరాటము.

చెడిన నిద్ర వలని నష్టము పగటి కునుకుతో ముగియదు. మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెరను శరీరకణములు గ్రహించునట్లు చేయునది క్లోమగ్రంథిలో పుట్టు ఇన్సులిన్. 1999లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయమున 11 మంది ఆరోగ్యవంతులగు యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకొననిచ్చిరి. తృప్తిగా నిద్రించిన దినములతో పోల్చగా, వారి రక్తములోని చక్కెర తగ్గు వేగము నూటికి 40 వంతులు మందగించెను. 2008లో అచ్చటనే మరియొక పరీక్ష జరిగెను. ఈసారి నిద్రాకాలమును తగ్గింపలేదు. తొమ్మిదిమంది యువతీయువకులు గాఢనిద్రలోనికి పోవునప్పుడెల్ల, వారు మేలుకొనకుండునంతటి చిన్న చప్పుళ్లు చేసి, ఆ నిద్రను తేలికపరచిరి. మూడు రాత్రులలోనే వారి శరీరములపై ఇన్సులిన్ ప్రభావము నూటికి 25 వంతుల మేరకు తగ్గెను. నిద్ర ఎన్ని గంటలన్నదే కాక, ఎట్టి నిద్ర యన్నదియు ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

బరువు తగ్గదలచినవారికిని నిద్ర అవసరమే. అదే విశ్వవిద్యాలయమువారు 2010లో, బరువెక్కువగా నున్న పదిమందికి మితాహారమిచ్చి, 14 దినములు ఎనిమిదిన్నర గంటల చొప్పునను, వేరొక 14 దినములు ఐదున్నర గంటల చొప్పునను పడుకొనుటకు అవకాశమిచ్చిరి. రెండుమారులును బరువు ఇంచుమించు సమానముగనే తగ్గెను. కాని మొదటి పద్ధతిలో 1.4 కిలోల క్రొవ్వు తరిగెను. రెండవ పద్ధతిలో 0.6 కిలో మాత్రమే తరిగెను. నిద్ర చాలనప్పుడు శరీరము క్రొవ్వును దాచుకొని కండను పోగొట్టుకొనెను. 2022లో ప్రకటించిన వేరొక పరిశోధనలో, తక్కువ నిద్రించుచున్న 80 మంది బరువైనవారిలో కొందరికి నిద్రను గంటకు పైగా పొడిగింపగా, తక్కినవారితో పోల్చినప్పుడు వారు తినునది దినమునకు 270 కెలోరీల మేరకు తగ్గెను. వారిని ఉపవాసముండుమని ఎవ్వరును చెప్పలేదు.

కావున క్రొవ్వు నిద్రను చెఱచును. చెడిన నిద్ర ఆకలిని పెంచి, చక్కెరను అదుపు తప్పించును. దానితో క్రొవ్వు మరింత పెరుగును. గానుగెద్దువలె స్థూలకాయుడు ఈ చుట్టులోనే తిరుగుచుండును. మన పూర్వులును ఈ సంబంధమును గమనింపకపోలేదు. చరకసంహితలో సూత్రస్థానమందలి 21వ అధ్యాయము అతిస్థూలుని గూర్చియు, నిద్రను గూర్చియు ఒక్కచోటనే చర్చించినది.

ఈ చుట్టును త్రెంచుటకు ఉపాయములు కలవు. 1981లో ఆస్ట్రేలియా దేశపు వైద్యుడు కాలిన్ సలివన్, ముక్కునకు తొడుగు తగిలించి, గాలిని మెల్లగా ఒత్తిడితో పంపి, గొంతుదారిని తెరచియుంచు యంత్రమును ప్రకటించెను. దానివలన రోగికి నిద్ర దక్కును. కాని యంత్రమొక్కటే బరువును తగ్గింపజాలదు. మితాహారము, నడక, వేళకు నిద్ర తోడు కావలెను. బరువు తగ్గిన కొలది చాలమందిలో ఊపిరి ఆగుటయు తగ్గును. లావైనవారందఱికిని ఈ రోగము ఉండదు. సన్నని వారిలో కొందరికి ఉండును. కనుక వైద్యుడు పరీక్షించి నిర్ణయింపవలెను.

విద్యార్థులారా! నిద్రించువాడు తన గురకను తాను వినలేడు. తన ఊపిరి ఆగుట తానెరుగడు. దానిని గమనింపగలవారు ఇంటనున్న తక్కినవారే. మీ తాతగారో, తండ్రిగారో, మేనత్తగారో గట్టిగా గురక పెట్టి, నడుమ నిశ్శబ్దమై, ఉలికిపడి ఊపిరి తీసికొనుచుండినచో, పగలు కునుకుచుండినచో, నవ్వి ఊరకుండక పెద్దలకు తెలుపుడు. వైద్యుని యొద్దకు వెళ్లుమని వారిని వేడుకొనుడు. తరగతిలో లావైన తోడివానికి మారుపేరు పెట్టకుడు. అతడు రాత్రి యెట్లు గడపెనో మీకు తెలియదు.